వానల లెక్కకి వాగు పక్క టేకు పనికొస్తుందా, గుట్ట మీద టేకే దిక్కా?

కొత్తచిగురు: టేకు వలయాల్లో (చెక్కలో ఏడాదికొకటి పడే గీతల్లో) ఆక్సిజన్-18 (బరువైన రకం ఆక్సిజన్) కొలిచి పాత వానాకాలాలు ఎలా ఉండేవో చూద్దామని ప్లాన్. ఆదిలాబాద్ వైపు అడవిలో వాగు పక్కన లావు టేకులున్నయ్, పైన రాతి గుట్ట మీద బక్కవి. వేటికి కోర్ (చెట్టు కొట్టకుండా తొలిచి తీసే సన్నటి చెక్క పుల్ల) తీయాలె? రెండూ కలిపితే ఏమైతది?

రాతినేల: వాగు పక్కవి ముట్టుకోకండి. వాన దండిగా పడితే ఆ నీళ్ళలో ఆక్సిజన్-18 తగ్గుతుంది, గాల్లో తేమ ఉంటే ఆకులో ఆవిరయ్యేదీ తగ్గుతుంది, రెండూ ఒకే వైపు లాగుతాయి కాబట్టే వలయంలో వాన కనిపిస్తుంది. వాగు పక్క చెట్టు తాగేది కింద నిలవున్న నీళ్ళు, ఎన్నేళ్ళ వానలు కలిసి ఉంటాయో. అందులో ఒక్క ఏడాది కరువు ఎక్కడ దొరుకుతుంది?

ఆకురాయి: వాగు పక్కనుంటే వాగు నీళ్ళే తాగుతుందని ఎవరు చెప్పారండీ? 1991లో డాసన్, ఎలరింగర్ అనే సైంటిస్టులు అమెరికాలోని యూటాలో చూశారు, ఒడ్డునే ఉన్న పెద్ద చెట్లు వాగు నీళ్ళు దాదాపు తాగట్లేదు, లోతు నీళ్ళే. నేచర్ పత్రిక‌లో వచ్చింది.

రాతినేల: నేనన్నదీ లోతు నీళ్ళనే కదా! మళ్ళీ చదవండి.

ఆకురాయి: టేపుతో దూరం కొలిచి చెట్టుని లిస్టులోంచి కొట్టేయొద్దంటున్నా. కొమ్మ కోసి అందులో నీళ్ళు, మట్టిలో నీళ్ళు పోల్చి చూడండి. గుట్ట మీద పలచటి మట్టిలో పైపైన ఆవిరై ఆక్సిజన్-18 పెరుగుతుంది, ఆ గోల లేదా మీకు?

మబ్బుచాటు: వాగుకి ఎన్ని మీటర్లో తేల్చేదాకా ఈ థ్రెడ్ ఆగదు 😀

చెక్కపొడి: కార్బన్-13 (బరువైన రకం కార్బన్) ఊసే ఎత్తరేంటి? గుట్ట మీద నీళ్ళు తగ్గగానే పత్రరంధ్రాలు మూసుకుంటాయి, కార్బన్-13 పెరుగుతుంది, కరువు తెలిసిపోతుంది. వాగు పక్క అవి తెరిచే ఉంటాయి, అక్కడ ఎండా మబ్బూ ఎక్కువ పనిచేస్తాయి. బొగ్గు, పెట్రోలు పొగతో గాల్లోనే కార్బన్-13 తగ్గుతోంది, అదీ సరిచేయాలి.

రాతినేల: అడిగింది ఆక్సిజన్ గురించి. నా బాధ మీకేం తెలుసు, నేను ల్యాబ్‌లో ఉన్నప్పుడు ఖర్చు తగ్గుతుందని ఏ ఏడాదికి ఆ ఏడాది అన్ని చెట్ల చెక్కా కలిపి కొలిపించారు, గ్రాఫ్ చదునుగా వచ్చింది, అందులో వాగు చెట్లున్నాయని తర్వాత చెప్పారు, అప్పటికి చెక్క అయిపోయింది, నా థీసిస్ నాశనమైంది.

ఆకురాయి: అది చెట్టు తప్పా, కలిపినోళ్ళ తప్పా?

రాతినేల: ఏసీ గదిలో కూర్చుని ఎన్నైనా అనొచ్చు.

ఆకురాయి: ఏసీ సంగతి వదిలేయండి. మీకు మొత్తం ఋతుపవనం కావాలి, అందుకే లోకల్ తేడా అంతా మీకు చెత్త. నాకు ఆ లోయలో నీళ్ళు ఏ ఏడు దిగిపోయాయో కావాలి, నాకు ఆ తేడానే డేటా. చెట్టుకి చెట్టు విడిగా కొలిస్తే ఇద్దరికీ పనికొస్తుంది, కలిపేస్తే ఇద్దరికీ ఉండదు.

రాతినేల: విడిగానా! వలయానికో శాంపిల్, ప్రతిదాన్నీ సెల్యులోజ్ (చెక్కలోని పీచు పదార్థం) తీసి, ఈ ఆక్సిజన్ కొలిచే మెషీన్ మాస్ స్పెక్‌లో పెట్టాలి. బిల్లు మీరు కడతారా?

కొత్తచిగురు: సార్, నా గ్రాంటుకి అన్ని శాంపిళ్ళు రావు. రెండు గుంపులుగా వేరువేరు కలిపితే నడుస్తదా, గుట్టవి ఒకటి, వాగువి ఒకటి?

ఆకురాయి: నడుస్తుంది, కానీ కొన్ని ఏళ్ళకైనా చెట్లు విడిగా కొలవండి, ఏది దారి తప్పుతోందో తెలుస్తుంది.

రాతినేల: ఆ డబ్బుతో గుట్ట మీద ఇంకో నాలుగు చెట్లు వస్తాయి.