ఇంట్లో కాచిన మేపుల్ సిరప్ సీసాలు కారుతున్నాయి, ఎక్కడ తప్పు చేశాను?

నాషువా_నాని:
అందరికీ నమస్తే. మేం న్యూ హాంప్‌షైర్‌లో ఉంటాం, ఇంటి వెనక నాలుగు షుగర్ మేపుల్ చెట్లున్నాయి. పక్కింటి పెద్దాయన మూడేళ్ళుగా చెట్లకి బెజ్జాలు పెట్టవయ్యా అని పోరుపెడుతుంటే ఈసారి ఫిబ్రవరి ఆఖర్లో మొదలెట్టా. రాత్రి గడ్డ కట్టే చలి, పగలు కాస్త ఎండ, అలాంటి రోజుల్లో బకెట్లు బాగానే నిండాయి. మొత్తం 30 గ్యాలన్ల సాప్ (బెజ్జాల్లోంచి కారే చెట్టు రసం), చూడ్డానికి అచ్చం మంచినీళ్ళే, రెండు వీకెండ్లు పెరట్లో ఇటుకల పొయ్యి మీద కాస్తే ముప్పావు గ్యాలన్ సిరప్ మిగిలింది. థర్మామీటర్ 219 ఫారన్‌హీట్ చూపించగానే దించేశా.

అసలు గొడవ ఇక్కడ. అడుగున ఇసుకలా ఏదో పేరుకుంటుందంటే రాత్రంతా గ్యారేజ్‌లో ఉంచి, పొద్దున పైన తేరింది వంచి 250 మిల్లీ గాజు సీసాల్లో పోశా. 11 సీసాలు, ఒక్కోటి మూతి దాకా నిండుగా. వేరే సిరప్ కొన్నప్పటి సీసాలే, కడిగి దాచినవి. పాంట్రీలో పడుకోబెట్టి పెట్టా. నెల తిరిగేసరికి ఆరు సీసాల మూతల చుట్టూ జిగురు, కింద అరంతా బంక, చీమలు బారులు కట్టాయి. రెండింట్లో పైన తెల్లగా బూజు కూడా. మా ఆవిడ ఆ అర వైపు చూడ్డమే మానేసింది. జూన్‌లో ఇండియా వెళ్తున్నాం, అమ్మావాళ్ళకి నాలుగు సీసాలు పట్టుకెళ్దామనుకున్నా, ఇప్పుడు సూట్‌కేస్‌లో పెట్టాలంటేనే భయంగా ఉంది. మూత ఇంకా గట్టిగా తిప్పితే సరిపోద్దా?

చలిదేశం_చంటి:
గట్టిగా తిప్పడం కాదు బ్రో సమస్య, నువ్వు చల్లగా పోశావ్. వెర్మాంట్‌లో పదేళ్ళుగా కాస్తున్నా, నేనూ మొదటి ఏడు ఇదే పని చేశా. సిరప్ సీసాలోకి వెళ్ళేటప్పుడు 180 నుంచి 185 ఫారన్‌హీట్ మధ్య ఉండాలి. ఆ వేడికి సీసా, మూత లోపల ఉన్న బూజు చస్తుంది, తర్వాత చల్లారేకొద్దీ సిరప్ ముడుచుకుని లోపల వాక్యూమ్ వస్తుంది, ఆ వాక్యూమే మూతని లోపలికి లాక్కుని పట్టుకుంటుంది. నీది రివర్స్. గ్యారేజ్ చలిలో మూతి దాకా నింపి వెచ్చని ఇంట్లో పెట్టావు, సిరప్ ఉబ్బింది, లోపల చోటు లేదు, ఇంకెటు పోతుంది, మూత సందులోంచి బయటికొచ్చింది. పడుకోబెట్టావు కాబట్టి ఇంకా తేలిగ్గా.

ఇంకోటి, 219 అనేది గుడ్డిగా నమ్మొద్దు. ఆ రోజు నీ పొయ్యి మీద మామూలు నీళ్ళు ఎంతకి మరిగాయో చూసి దానికి 7 డిగ్రీలు కలుపు, అక్కడ దించాలి. వాతావరణాన్ని బట్టి నీళ్ళు మరిగే వేడి కాస్త అటూ ఇటూ మారుద్ది. నీ బూజు చూస్తే పాకం పల్చగా దించావేమో అని డౌట్. పాకం చిక్కదనం కొలిచే హైడ్రోమీటర్ కొనుక్కో, చవకే. ఇక్కడి రూల్ 66.9 బ్రిక్స్, అంటే బరువులో అంత శాతం చక్కెర ఉండాలి. అలాగని ముదరబెట్టకు, సీసా అడుగున కలకండ కట్టుద్ది, పిల్లలకి పండగే గానీ సిరప్ మిగలదు.

సిద్దిపేట_శీను:
నాని అన్నా, పాత మూతలు మళ్ళ వాడినవా? గదే అసలు లొల్లి. ఒక మూత తీస్కొని లోపల సూడు, మెత్తటి లైనర్ ఉంటది గదా, దాని మీద పాత సీసా మూతి అచ్చు గుండ్రంగ పడి ఉంటది. కొత్తగ పెట్టినప్పుడు గా అచ్చుల సరిగ్గ కూసోదు, గట్టిగ తిప్పినకొద్దీ ఇంక పక్కకే జరుగుతది. సీసాలు కడిగి వాడుకో, ఏం గాదు, మూతలు మాత్రం కొత్తయి తెప్పించు, వేడి పోసేటందుకు తయారుజేసినవే అడుగు. మా దోస్తు ఒకడు ఖాళీ మందు సీసాలల్ల పోసిండు, ఏమైందో నేను జెప్ప, వాని కార్ డిక్కీని అడుగుర్రి 😂

ఒంటారియో_ఉష:
నాని గారూ, పైన ఇద్దరూ చెప్పింది కరెక్టే. నేను ఊరగాయలు పెట్టేదాన్ని, జాడీలో తడి ఉంటే ఆవకాయ ఏమవుద్దో మీకు తెలుసు కదా, ఇక్కడా అంతే. కడిగిన సీసాలో నాలుగు నీటిచుక్కలు మిగిలినా అవి పైన చేరి అక్కడి పాకాన్ని పల్చన చేస్తాయి, బూజు అక్కడే మొదలవుద్ది. నేను సీసాల్ని ఓవెన్‌లో సన్నటి వేడి మీద ఆరబెట్టి అలా వెచ్చగా ఉండగానే పోస్తా, చల్లటి గాజులో మరుగుతున్నది పోస్తే టప్పున పగులుద్ది.

మెడ వరకు నింపి, మూతి దగ్గరా మూత బిగించే మరల మీదా పడిన చుక్కల్ని వేడినీళ్ళలో పిండిన గుడ్డతో తుడిచి అప్పుడు మూత పెట్టండి. తుడవకపోతే ఆ బంక మీదే మూత ఆగిపోద్ది, బిగిసిందని మనం అనుకుంటాం. పెట్టాక ఒకట్రెండు నిమిషాలు పక్కకి వంచి మళ్ళీ నిలబెట్టాలి, మూత లోపలికి కూడా వేడి తగలాలి కదా. ఆరేటప్పుడు సీసాలు దూరందూరంగా పెట్టండి, దగ్గరగా ఇరికిస్తే వేడి తగ్గక రంగు నల్లబడుద్ది. ఇక్కడ ప్లాస్టిక్ జగ్గుల్లో కూడా అమ్ముతారు గానీ అందులోంచి గాలి కొద్దికొద్దిగా దూరుద్ది, నెలల తరబడి ఉంచాలంటే గాజే మేలు.

బూజు పట్టిన రెండూ పాతవాళ్ళైతే పైది తీసేసి మళ్ళీ కాచుకుంటారు, నేనైతే పారబోస్తా. మిగతాది మళ్ళీ వేడి చేసి పోసుకోవచ్చు, 85 సెల్సియస్ (అంటే 185 ఫారన్‌హీట్) దాటనివ్వకండి, మళ్ళీ మరిగిస్తే ఆ ఇసుక మళ్ళీ తయారవుద్ది. ఈసారి తేర్చడం కాదు, వేడి మీదే ఫెల్ట్ గుడ్డలో వడకట్టండి.

ఇండియాకైతే చెక్‌ఇన్ బ్యాగ్‌లోనే. పైకెళ్ళాక ప్రెషర్ తగ్గుద్ది, సరిగ్గా సీల్ పడ్డ సీసాకి ఏం కాదు, అయినా మూత చుట్టూ టేప్, ఒక్కోదానికి జిప్‌లాక్, చీరల మధ్యలో. ముందు ఒక రోజంతా పేపర్ మీద పడుకోబెట్టి టెస్ట్ చేయండి, మరక పడని సీసాకే టికెట్.

నాషువా_నాని:
అప్‌డేట్. శీను, నువ్వు చెప్పినట్టే మూత తిప్పి చూస్తే లైనర్ మీద గోరుతో గీసినట్టు గుండ్రంగా గాడి ఉంది, ఒకదాంట్లో రెండు గాళ్ళు! కొత్త మూతలు తెప్పించా. చంటి, నువ్వు చెప్పిన నీళ్ళ టెస్ట్ కూడా చేశా, నా థర్మామీటర్ మరిగే నీళ్ళని 215 అంటోంది, అంటే ఆ రోజు మూడు డిగ్రీలు ముందే దించేశానన్నమాట. హైడ్రోమీటర్ కొని, పల్చగా ఉందని ఇంకాస్త కాచి, వడకట్టి 185 దగ్గర పోశా. బూజువి పోగా, ఇగిరింది పోగా ఏడు సీసాలు వచ్చాయి. ఉష గారూ, పేపర్ టెస్ట్‌లో ఆరు పాసయ్యాయి. ఏడోదానికి తుడవడం మర్చిపోయా, మూత వంకరగా కూర్చుంది, పేపర్ మీద రూపాయి బిళ్ళంత మరక. అది ఫ్రిజ్‌లోకి వెళ్ళింది, పిల్లలు దోశల మీద పోసుకుంటున్నారు, శనివారం దాకా ఉండేలా లేదు.