కట్టెల స్టవ్ వెలిగించగానే పొగ ఇంట్లోకే కొడుతోంది
మేముండేది మిషిగన్‌లో, పోయిన నెల బేస్‌మెంట్‌లో కట్టెల స్టవ్ పెట్టించాం. 6 అంగుళాల పైపు, రెండు 90 డిగ్రీల వంపులు తిరిగి గోడలోంచి బయటికెళ్లి పైకి 15 అడుగులు. వెలిగించిన మొదటి పదిహేను నిమిషాలు పొగంతా గదిలోకే, స్మోక్ అలారం మోత, అమ్మేమో ఊళ్లో మన పొయ్యే నయం అంటోంది. వేడెక్కాక బానే లాగుతుంది. కట్టెలు ఎండినవే, మీటర్‌లో తేమ 17 శాతం, పైపు పై కొసనున్న జాలీలో మసి లేదు, డ్యాంపర్ (పొగ దారిని మూసే తెరిచే పలక) ఫుల్‌గా తెరిచే ఉంచుతున్నా, ముందు పేపర్ కాల్చి పైపు వేడిచేసినా తేడా లేదు. పక్క కిటికీ రెండంగుళాలు తెరిస్తే మాత్రం పొగ టక్కున ఆగుతోంది, కానీ బయట మైనస్ 10లో కిటికీ తెరుచుకుని చలి కాచుకోవడమేంటో. బయటి గాలి నేరుగా స్టవ్‌కి వచ్చేలా పైపు వేయిస్తే సరిపోతుందా, లేక ఆ వంపులు తీసేసి 45 డిగ్రీలవి పెట్టించాల్సిందేనా?