యాంగర్ అన్న మాటకు మొదటి అర్థం కోపం కాదా?

ప్రశ్న (బరంపురం నుంచి)
మా ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, బడిలో ఇంగ్లీషు. ఐదో తరగతి చదువుతున్న మా అమ్మాయి మొన్న ‘యాంగర్’కు తెలుగు అర్థం ‘రాగం’ అని రాసి, ‘నాన్నకు రాగం వచ్చింది’ అని సొంతవాక్యం కూడా జోడించింది. ‘మీ నాన్నకు సంగీతం ఎప్పుడు వచ్చిందే!’ అని వాళ్ళమ్మ నవ్వింది. ఒడియాలో ‘రాగ’ అంటే కోపం కనుక పొరపాటు ఎక్కడ జరిగిందో తెలిసింది గాని, సరిదిద్దుదామని నిఘంటువు తెరిస్తే యాంగర్‌కు పాత అర్థం దుఃఖమని కనిపించింది. దుఃఖం కోపంగా ఎలా మారిందో తెలిసినవారు వివరించగలరు.

జవాబు (పర్లాకిమిడి నుంచి)
నిఘంటువు చెప్పింది నిజమేనండి. యాంగర్ ఇంగ్లీషుకు పుట్టింటి మాట కాదు. 9వ శతాబ్దం నుంచి ఇంగ్లండు ఉత్తర, తూర్పు భాగాలలో స్థిరపడిన వైకింగుల భాషలో ‘అంగ్ర్’ అంటే దుఃఖం, వేదన. అదే ఇంగ్లీషులోకి వచ్చి కొంతకాలం కష్టం, బాధ అన్న అర్థంలోనే నిలిచి, 14వ శతాబ్దానికి కోపం వైపు మళ్ళింది. కోపానికి ఇంగ్లీషువారి సొంత మాట ‘రాత్’.

ఇంకా వెనక్కి వెళితే దీని మూలార్థం ఇరుకు, బిగింపు. గొంతు నులమడాన్ని లాటిన్‌లో ‘అంగెరె’ అంటారు. ఛాతీ పట్టేసినట్టుండే గుండెనొప్పికి 1768లో విలియం హెబర్డెన్ అనే వైద్యుడు పెట్టిన ‘ఆంజైనా’ పేరు, భయాన్ని తెలిపే జర్మన్ ‘ఆంగ్‌స్ట్’ ఈ కుదురులోనివే. మన నిఘంటువుల్లో పాపమని కనిపించే సంస్కృత ‘అంహస్సు’ కూడా వీటికి చుట్టమే, వేదభాషలో దానికి ఇక్కట్టు అన్న అర్థం ఉంది. తెలుగులో ‘ఇరుకు’ నుంచి ‘ఇరకాటం’ పుట్టలేదా? ఊపిరాడనివ్వని బాధ, ఆ బాధ పెట్టినవాడి మీదికి తిరిగితే కోపమైంది. ఎర్రగా వాచిన పుండును ఇంగ్లీషువారు నేటికీ ‘యాంగ్రీ’ అంటారు. మనం కూడా పుండు రేగిందంటాం, మనిషి రేగిపోయాడంటాం.

జవాబు (సిరొంచ నుంచి)
మా వైపు మరాఠీలోనూ ‘రాగ్ ఆలా’ అంటే కోపం వచ్చిందనే అర్థం. గోదావరి దాటి తెలంగాణ వైపు వెళితే అదే మాటకు జనం పాట పాడమంటారు. ఇంగ్లీషు ‘రేజ్’ మన రాగం నుంచే వెళ్ళిందని నా అనుమానం. ధ్వని ఎంత దగ్గరగా ఉందో చూడండి.

జవాబు (పర్లాకిమిడి నుంచి)
ధ్వని దగ్గరగా ఉన్నంత మాత్రాన చుట్టరికం కలపకూడదండి. ‘రేజ్’ లాటిన్ ‘రబియెస్’ నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది. పిచ్చికుక్క కాటుతో వచ్చే రేబిస్ పేరూ అదే మాట. రాగానికి మూలం ‘రంజ్’ ధాతువు, అంటే రంగు పట్టడం, ఎరుపెక్కడం. ఆ ఎరుపు తెలుగులో అనురాగం వైపు, ఒడియా మరాఠీలలో కోపం వైపు వెళ్ళింది. అయినా ‘కన్నెర్ర చేశాడు’ అన్నప్పుడు మనమూ వాళ్ళ పక్కనే ఉన్నాం కదా.

ప్రశ్న అడిగినవారు (బరంపురం నుంచి)
చాలా సంతోషమండి. మరి ‘కోపం’ మాటేమిటి? అందులోనూ ఇరుకు ఉన్నదా?

జవాబు (పర్లాకిమిడి నుంచి)
లేదండి. ‘కుప్’ ధాతువుకు కదలడం, కలత చెందడం అన్న అర్థాలున్నాయి. వైద్యులు ‘పిత్తప్రకోపం’ అన్నప్పుడు పిత్తానికి కోపం వచ్చిందని కాదు, అది తన హద్దు దాటి చెలరేగిందని భావం. అచ్చతెలుగు మాట కావాలంటే ‘కినుక’ ఉంది. ‘అలుక’ కూడా ఉంది గాని, అది బుజ్జగించేవారు దగ్గరుంటేనే చెల్లుతుంది కాబట్టి యాంగర్‌కు అర్థంగా అమ్మాయి చేత దాన్ని రాయించకండి.