సియోల్ ట్రిప్: హోటల్ ఎక్కడ తీసుకోవాలి, స్కిన్‌కేర్‌లో ఏవి కొనాలి?

అలిపిరి_రోడ్

అక్టోబర్ ఆఖర్లో అమ్మ, అక్క, నేను సియోల్ వెళ్తున్నాం. ఆరు రాత్రులు. తిరుపతి నుంచి చెన్నైకి కారు, అక్కడ్నుంచి సింగపూర్ మీదుగా ఫ్లైట్. వీసా పని అయిపోయింది. ప్యాలెస్‌లు, మ్యూజియంలు ఈసారికి పక్కన పెట్టేశాం. మంచి హోటల్, షాపింగ్, స్కిన్‌కేర్, అంతే. షాపింగ్ వీధులుండే మ్యోంగ్‌డాంగ్‌లో ఉండాలా, సిగ్నియెల్ లాంటి టవర్ హోటల్‌లోనా? మాది చామనఛాయ, అమ్మకి మంగు మచ్చలు ఉన్నాయి. మన ఎండకి పనికొచ్చేవి ఏవి? ట్యాక్స్ రీఫండ్ ఎట్లా తీసుకోవాలి? ఇంకోటి, అమ్మ ఉల్లి, వెల్లుల్లి కూడా ముట్టదు.

రేణిగుంట_జంక్షన్

ముందు హోటల్ సంగతి. మెట్రో రెండో లైన్ పక్కన ఉండేది తీసుకోండి. యుల్జిరో ఇల్గా స్టేషన్ నుంచి లోట్టే డిపార్ట్‌మెంట్ స్టోర్‌లోకి నేల కిందే దారి ఉంది, లోట్టే హోటల్ దాన్ని ఆనుకునే ఉంటుంది, రోడ్డు దాటితే మ్యోంగ్‌డాంగ్. సాంగ్‌సు, జామ్‌సిల్, గంగ్నమ్ పేటలు మూడూ అదే లైన్లో వస్తాయి, రైలు మారే పని లేదు.

సిగ్నియెల్ జామ్‌సిల్‌లో, లోట్టే వరల్డ్ టవర్ 76వ అంతస్తు నుంచి పైన ఉంటుంది. హాన్ నది వ్యూ కోసం అది కావాలంటే మొదటి రెండు రాత్రులు అక్కడ తీసుకుని, తర్వాత నాలుగూ యుల్జిరోకి మారండి. తిరగేస్తే మాత్రం కొన్న సరుకంతా మోసుకుంటూ హోటల్ మారాల్సి వస్తుంది. మబ్బు పట్టిన రోజు ఆ ఎత్తులో కిటికీ నిండా తెలుపు తప్ప ఏమీ కనపడదు, కాబట్టి ఒక్క రాత్రికి తీసుకోవద్దు.

రేటు చూసేటప్పుడు జాగ్రత్త. పెద్ద హోటళ్ళలో చాలావాటికి 10 శాతం సర్వీస్ ఛార్జి, ఆ మొత్తం మీద మళ్ళీ 10 శాతం పన్ను పడతాయి. 4,00,000 వోన్ల (కొరియా డబ్బు) రూము బిల్లులో 4,84,000 అవుతుంది. రూములు మామూలుగా ఇద్దరికే, మూడో మంచం బుకింగ్ అప్పుడే అడిగి రాయించుకోండి. 2024 మార్చి 29 నుంచి 50, అంతకు పైన గదులున్న హోటళ్ళలో బ్రష్, పేస్ట్, రేజర్ ఉచితంగా ఇవ్వకూడదని చట్టం. ఎంత ఖరీదైన హోటలైనా అంతే, ఇంటి నుంచే పెట్టుకోండి. కరెంటు 220 వోల్టులే గానీ సాకెట్ గుండ్రటి రెండు పిన్నులది, మన మూడు పిన్నుల ప్లగ్ పట్టదు.

ఇంచాన్ ఎయిర్‌పోర్ట్ నుంచి ఎక్స్‌ప్రెస్ రైలు ఒకటో టెర్మినల్ నుంచి సియోల్ స్టేషన్‌కి 43 నిమిషాలు. పెట్టెలు జాస్తి ఉంటే రైలొద్దు. మ్యోంగ్‌డాంగ్‌కి 6015 నంబరు బస్సు ఉంది, టవర్‌కైతే టాక్సీ. దారికి గూగుల్ మ్యాప్స్ వద్దు, కొరియా వాళ్ళ నేవర్ మ్యాప్ యాప్ వేసుకోండి.

చిత్తూరు_మామిడి

స్కిన్‌కేర్‌లో అందరూ పొరపాటు పడేది ఒకటే చోట. అక్టోబర్ ఆఖర్లో సియోల్ గాలి చల్లగా, పొడిగా ఉంటుంది. అక్కడ రాసుకుంటే హాయిగా ఇంకిపోయే క్రీము మన ఊళ్ళో జిడ్డుగా నిలబడిపోతుంది. కాబట్టి పెద్ద డబ్బా క్రీములు వద్దు. జెల్, నీళ్ళలాంటి సీరం, సన్‌స్క్రీన్, వీటి మీదే డబ్బు పెట్టండి. సుల్వాసూ బ్రాండ్ కొనాలని ఉంటే ఫస్ట్ కేర్ సీరం మనకి బాగుంటుంది. జిన్‌సెంగ్ క్రీము డిసెంబర్, జనవరిలో తప్ప బరువే.

సన్‌స్క్రీన్‌లో బ్యూటీ ఆఫ్ జోసన్ రిలీఫ్ సన్, రౌండ్ ల్యాబ్ బర్చ్ జ్యూస్, రెండూ ఎస్‌పీఎఫ్ 50+, పీఏ++++ (ఎండని ఆపే రేటింగులు), 50 మి.లీ. ట్యూబులు. తెల్లపొర పెద్దగా రాదు. 'టోన్ అప్' అని రాసుంటే మాత్రం తీసుకోవద్దు. అందులో టైటానియం డయాక్సైడ్ ఉంటుంది, చామనఛాయ మీద బూడిద పూసినట్టు కనపడుతుంది. కుషన్ ఫౌండేషన్‌లో ఎక్కువగా ఉండేవి 21, 23 షేడ్లే, మనకవి రెండూ తెల్లనే. ముఖానికి, మెడకి కలిపి చూపుడు వేలు, మధ్య వేలు పొడవునా గీసినంత సన్‌స్క్రీన్ కావాలి. రోజుకి రెండుసార్లు రాస్తే ట్యూబు మూడు వారాలకే అయిపోతుంది. ముగ్గురికి లెక్క వేసుకుని కొనండి, ఏడాదికి సరిపడా నిల్వ మాత్రం పెట్టొద్దు.

అమ్మగారి మంగుకి ఇంకో సంగతి. ఎండలోని అతినీలలోహిత కిరణాలే కాదు, మామూలు వెలుతురు కూడా మంగుని ముదురు చేస్తుంది. దాన్ని ఆపేది ఐరన్ ఆక్సైడ్ ఉన్న రంగు సన్‌స్క్రీన్. ఒంటి రంగుకి కలిసేది అక్కడ దొరకడం కష్టం కాబట్టి అదొక్కటీ ఇక్కడే కొనండి.

శాకాహారులు అడగాల్సిన మాట కూడా ఉంది. కాస్‌ఆర్‌ఎక్స్ స్నెయిల్ 96 ఎసెన్స్ అంటే నత్త జిగురే. కొల్లాజెన్ అని ఉన్నవి చాలావరకు చేపవి. అమ్మగారికి ఇచ్చే ముందు చెప్పండి, లేదా వీగన్ గుర్తు చూసి తీసుకోండి.

డబ్బా అడుగున తేదీ సంవత్సరం, నెల, రోజు వరసలో ఉంటుంది. కొన్నిటి మీద తయారైన తేదీ, గడువు తేదీ రెండూ పక్కపక్కనే వేస్తారు. ఆలివ్ యంగ్ అనే కాస్మెటిక్స్ షాపుల్లో పెద్ద సేల్ మార్చి, జూన్, సెప్టెంబర్, డిసెంబర్ నెలల్లో. మీరు వెళ్ళేటప్పుడు ఉండదు గానీ చిన్న ట్యూబు ఉచితంగా కలిపిన సెట్లు ఎప్పుడూ ఉంటాయి, విడిగా కొనకుండా అవి చూడండి.

చంద్రగిరి_కోట

రీఫండ్‌కి ఒరిజినల్ పాస్‌పోర్ట్ దగ్గర ఉండాలి. ఒక్కో బిల్లు కనీసం 15,000 వోన్లు. బిల్లు 10 లక్షల వోన్ల లోపు ఉంటే చాలా షాపుల్లో కౌంటర్ దగ్గరే పన్ను తగ్గించి తీసుకుంటారు. ఈ సౌకర్యం మనిషికి ట్రిప్ మొత్తం మీద 50 లక్షల వోన్ల దాకా. మీరు ముగ్గురు కాబట్టి బిల్లులు ముగ్గురి పాస్‌పోర్టుల మీద పంచుకోండి. ఈ రెండు హద్దుల్లో ఏది దాటినా రసీదు తీసుకుని ఇంచాన్ ఎయిర్‌పోర్ట్ కియోస్క్‌లో చేయించాలి. సరుకు చెక్‌ఇన్ పెట్టెలో ఉంటే పెట్టె ఇచ్చేయక ముందే కియోస్క్ దగ్గరికి వెళ్ళండి, కస్టమ్స్ వాళ్ళు చూపించమంటే మళ్ళీ పెట్టె వెనక్కి రాదు. పన్ను 10 శాతమే అయినా కమిషన్ పోను చేతికొచ్చేది అంతకన్నా తక్కువే. వాడేసిన వాటికి ఇవ్వరు, ఊరొదిలే దాకా సీలు విప్పొద్దు. కార్డు గీకేటప్పుడు మిషన్ 'రూపాయలా, వోన్లా' అని అడిగితే వోన్లే నొక్కండి.

షీట్ మాస్కుల లోపలున్నది ద్రవమే. పదో ఇరవయ్యో చేతిసంచిలో పెడితే స్కానింగ్ దగ్గర తీసేస్తారు, అన్నీ చెక్‌ఇన్‌లోకే. ఇంచాన్ డ్యూటీ ఫ్రీలో కొన్న సీరంలు సీలు వేసిన సంచిలో రసీదుతో సహా ఉంటాయి, సింగపూర్‌లో మళ్ళీ తనిఖీ ఉంది కాబట్టి చెన్నై చేరేదాకా అది చించొద్దు.

అలిపిరి_రోడ్

చాలా థ్యాంక్స్ అందరికీ. అక్కడ క్లినిక్‌లో అమ్మ మంగుకి ఒకసారి లేజర్ చేయిద్దామని అక్క అంటోంది. చేయించొచ్చా?

చిత్తూరు_మామిడి

వద్దు. అక్కడ ఎక్కువగా చేసేది 1064 నానోమీటర్ల లేజర్ టోనింగ్. అది వారాల తరబడి, విడతలుగా చేసేది, ఒక్కసారితో ఒరిగేదేమీ లేదు. మన ఛాయ మీద వేడి ఎక్కువైతే మంగు ముదరొచ్చు, ఒక్కోసారి తెల్ల చుక్కలూ మిగులుతాయి. చేయించి దిగేది నేరుగా మన ఎండలోకే. ముందు ఇక్కడ చర్మ వైద్యులకి చూపించండి.

భోజనం సంగతి ఎవరూ చెప్పలేదు. జోగ్యేసా గుడి దగ్గర బల్వూ గోంగ్యాంగ్ అని బౌద్ధ జోగ్యే సంఘం వాళ్ళ హోటల్ ఉంది. గుడి వంట కాబట్టి ఉల్లి, వెల్లుల్లి వేయరు, ముందుగా బుక్ చేసుకోవాలి. మిగతాచోట్ల కూరగాయల వంటకమని చెప్పినా చారులో ఎండుచేప, కిమ్చీలో ఉప్పు రొయ్య ఉంటాయి. కన్వీనియన్స్ స్టోర్‌లో డబ్బా అన్నం దొరుకుతుంది, అక్కడే మైక్రోవేవ్‌లో రెండు నిమిషాలు పెట్టుకోవచ్చు. కందిపొడి, చింతపండు తొక్కు పట్టుకెళ్తే అమ్మగారికి ఇబ్బంది ఉండదు. తొక్కులో నూనె కారుతుంది, రెండు కవర్లు వేసి చెక్‌ఇన్‌లో పెట్టండి.