నెల్లూరు ఎండల్లో పిల్లలతో ఫ్లై ఫిషింగ్ కుదురుతుందా?

దర్గామిట్ట నుంచి ప్రశ్న:
మా బావ అమెరికా నుంచి వస్తా పిల్లలకని ఫ్లై రాడ్డు (ఈకలతో పురుగులా కట్టిన గాలాన్ని విసిరి చేపలు పట్టే కర్ర) తెచ్చాడు. తొమ్మిదడుగులది, రీలూ దారం అన్నీ ఉన్నాయి. పాపకు పదేళ్లు, బాబుకు ఏడు. వీడియోల్లో చూస్తే అన్నీ చల్లటి కొండ వాగులు, ట్రౌట్ చేపలు. మన దగ్గరేమో మార్చి దాటితే చెరువు నీళ్లు కాగిపోతాయి. ఈకల గాలానికి మన చేపలు పడతాయా? ఊళ్లో యాడ వేయొచ్చు? ఎర్రలు గుచ్చి వేసే గాలం నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు, ఇది మాత్రం ఎంత విసిరినా దారం నా మెడకే చుట్టుకుంటోంది.

మూలాపేట నుంచి:
పడతాయన్నా. ట్రౌట్‌ను మర్చిపోండి. పిల్లలకు కావాల్సింది జిలేబీలు (తిలాపియా), పరిగెలు. రెండూ ఒడ్డు దగ్గరే తిరుగుతాయి, చిన్న పురుగు కనిపిస్తే వచ్చి చూస్తాయి. బొచ్చె, శీలావతి ఎప్పుడో ఒకటి తగులుతుంది గానీ తగిలితే గాలం దగ్గరుండే ఆ సన్న దారం నిలవదు. కొరమీను కప్పలాంటి గాలానికి ఎగిరి పట్టుకుంటుంది, కానీ అది తూడులో ఉంటుంది. పిల్లలిద్దరినీ అక్కడికి తీసుకుపోవద్దు.

ఆ తొమ్మిదడుగుల రాడ్డు మీరు వాడుకోండి. ఏడేళ్లవాడికి రీలు లేని కర్ర ఇవ్వండి. జపాన్‌వాళ్లు తెన్‌కారా అంటారు. పొడుగు కర్ర, దాని కొనకు కట్టిన దారం, దారం చివర ఈకల గాలం, అంతే. మన వెదురు గాలం కర్రకు బెండు తీసేస్తే దాదాపు అదే. దారం కర్రంత పొడుగు చాలు.

మీ మెడకు ఎందుకు చుట్టుకుంటుందంటే, ఎర్ర గుచ్చిన గాలానికి సీసం గుండు బరువు ఉంటుంది, అది దారాన్ని లాక్కుపోతుంది. ఇక్కడ గాలానికి బరువే లేదు, లావు దారమే దాన్ని మోసుకుపోవాలి. అందుకని వెనక్కి విసిరాక దారం పూర్తిగా చాచుకునేదాకా ఆగాలి. అందరం ఆ ఒక్క క్షణం ఆగలేకనే చెడగొడతాం. ముందు మిద్దె మీద గాలం లేకుండా ఎర్రరంగు ఊలు ముక్క కట్టి వేయించండి. కింద బకెట్ పెట్టి అందులో పడేయమంటే పిల్లలు పోటీ పడతారు.

కోవూరు నుంచి:
ఏందబ్బా ఇదంతా! ఒక ఎర్ర గుచ్చి బెండు వదిలితే పావుగంటలో చేప. పిల్లలకు కావాల్సింది చేపే గదా, విసరడం కాదు.

మూలాపేట నుంచి:
ఒప్పుకుంటా, పెద్దాయనా. కానీ ఎర్రకు జెల్లలు, ఇంగిలీకాలు కూడా వస్తాయి, అవి లోపలికి మింగేస్తాయి. గాలం గొంతులో ఇరుక్కుంటే చేపా పోతుంది, పిల్లోడి చెయ్యీ పోతుంది. ఇంగిలీకం ముల్లు గుచ్చుకున్నోళ్లకు తెలుసు ఆ మంట. ఈకల గాలాన్ని చేప మామూలుగా మింగదు, రుచి లేదని ఉమ్మేయబోతుంది, అప్పటికే పెదవికి పట్టి ఉంటుంది. విప్పడం సులువు. నేను ఇది ఎంచుకున్నది ఆ ఒక్క కారణానికే.

ముత్తుకూరు నుంచి (రొయ్యల గుంటల పని):
నీళ్ల వేడి గురించి ఎవరూ చెప్పలేదు. నీరు వేడెక్కే కొద్దీ అందులో ఆక్సిజన్ తగ్గుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాములు కరిగితే, 30 దగ్గర ఏడున్నరే. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం పట్టిన చేప పెనుగులాడి అలసిపోయి, వదిలినా తేలిపోవచ్చు.

ఇంకో సంగతి. అందరూ ‘తెల్లారుజామునే పోండి’ అంటారు. పాచి పట్టి పచ్చగా ఉన్న చెరువులో ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువ ఉండేది సరిగ్గా అప్పుడే. పగలు పాచి ఇచ్చిన ఆక్సిజన్ రాత్రంతా ఖర్చయిపోతుంది, మా గుంటల్లో ఏరియేటర్లు (నీళ్లలో గాలి కలిపే యంత్రాలు) రాత్రంతా తిరిగేది అందుకే. చేపలు నోళ్లు పైకి పెట్టి గాలి మింగుతుంటే ఆ రోజు గాలం వేయవద్దు. పొద్దెక్కాక ఓ గంట, లేదంటే సాయంత్రం ఎండ తగ్గాక పోండి. చేతులు తడుపుకుని చేపను పట్టుకోండి, నీళ్లలోనే ఉంచి గాలం విప్పండి.

దర్గామిట్ట నుంచి:
బాగుంది. స్వర్ణాల చెరువు కట్ట మా ఇంటికి దగ్గర. అక్కడ వేయొచ్చా? పట్టినవి పులుసుకు పనికొస్తాయా? మా అత్తగారు ఇప్పుడే మామిడికాయ తెప్పించాలా అని అడుగుతోంది.

పొదలకూరు రోడ్డు నుంచి:
ముందు అనుమతి. మన చెరువుల్లో చేపల హక్కు మామూలుగా మత్స్యకారుల సహకార సంఘాలకు లీజు మీద ఉంటుంది. పార్కు నీళ్లయితే కాపలావాళ్లనూ, మున్సిపల్ వాళ్లనూ అడగండి. పిల్లలతో వచ్చాం, పట్టి వదిలేస్తాం అని మర్యాదగా చెప్పండి, కాదంటే తగవు పెట్టుకోవద్దు. స్వర్ణాల చెరువులో బారాషహీద్ దర్గా వైపు అసలు వద్దు. ముహర్రం నెలలో రొట్టెల పండగకు జనం అక్కడ నీళ్లలోకి దిగి రొట్టెలు మార్చుకుంటారు. తెగిన గాలం ఒక్కటి నీళ్లలో మిగిలినా ఎవరి కాలికో గుచ్చుకుంటుంది. తెగిన దారం కూడా ఏరుకుని తెచ్చుకోండి.

పెన్నలో ఇసుక తీసిన గుంటలు పైకి కనపడవు, పిల్లల్ని ఏటిలోకి దించనే వద్దు. సోమశిల నుంచి నీళ్లు వదిలారంటే ఆ రోజు ఒడ్డుకు కూడా పోవద్దు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఉరుములు వినిపిస్తే కర్ర దింపేసి ఇంటికి. కార్బన్ రాడ్డులో కరెంటు పారుతుంది, కరెంటు తీగల కిందా ఎత్తవద్దు.

పులుసు సంగతి: ఊరి మురుగు కలిసే చెరువు చేప తినకండి. అత్తగారికి మామిడికాయ తెప్పించండి, బొమ్మిడాయలు మార్కెట్లో కొనండి.

మూలాపేట నుంచి:
పిల్లలకు టోపీ, కళ్లజోడు తప్పనిసరి, రంగు లేని ప్లాస్టిక్‌దైనా సరే. గాలం కొన వెనక ఉండే చిన్న ముల్లును ప్లయర్‌తో నొక్కేయండి, చేప కంటే ముందు మన చెవికి మేలు. కంటికి తగిలితే మాత్రం లాగకుండా నేరుగా ఆసుపత్రికి. ఒకరు విసురుతుంటే ఇంకొకరు వెనక నిలబడకూడదు, పిల్లలతో అసలు గొడవ దీని దగ్గరే.

జిలేబీల గురించి ఒకటి. ఇవి ఆఫ్రికా చేపలు, 1952లో మన దేశానికి తెచ్చారు. ఒడ్డున గుండ్రటి గుంతలు కనిపిస్తే అవి మగచేపలు తవ్వినవే. ఆడది గుడ్లను నోట్లో పెట్టుకుని పొదుగుతుంది. దవడ ఉబ్బిన చేప దొరికితే వెంటనే వదిలేయండి. పాపకు చూపించండి, చేప పట్టడం కంటే అదే ఎక్కువ నచ్చవచ్చు.

దర్గామిట్ట నుంచి:
గాలం ఇంట్లో కట్టుకోవచ్చా? బావ ఇచ్చినవి ఆరు, రెండు అప్పుడే కొబ్బరి చెట్టుకు వేలాడుతున్నాయి.

మూలాపేట నుంచి:
కట్టుకోవచ్చు. 12 లేదా 14 నంబరు గాలాలు తీసుకోండి, నంబరు పెరిగితే గాలం చిన్నదవుతుంది. కుట్టు దారాన్ని గాలం కాడ పొడుగునా చుట్టి, నాటుకోడి మెడ ఈక ఒకటి తిప్పి కట్టి, ముడి మీద గోళ్లరంగు చుక్క వేయండి. నీటి మీద తేలాలంటే పాత హవాయి చెప్పు నుంచి చిన్న ముక్క కోసి పైన కట్టండి. తెల్లముక్కయితే బ్రెడ్డు తుంపులా కనిపిస్తుంది, పార్కుల్లో జనం వేసే బ్రెడ్డుకు అలవాటుపడ్డ జిలేబీలు దాన్ని వదలవు. పాప చేత కట్టించండి, బాబుకు ఈకలు ఏరే పని ఇవ్వండి.