మంగళవారం మధ్యాహ్నం ఖాళీగా ఉండే మెషిన్లు: రోజంతా డిస్కౌంట్ పెడితే గిట్టుబాటవుతుందా?

ప్రశ్న

నమస్కారం అండి. నాది సెల్ఫ్ సర్వీస్ లాండ్రీ. పన్నెండు వాషర్లు, పన్నెండు డ్రయ్యర్లు ఉన్నాయి. వాషర్లలో రెండు పెద్దవి, బొంతలు, కర్టెన్లు కూడా పట్టేస్తాయి. ఆదివారం సాయంత్రం మెషిన్ దొరక్క కొంతమంది బట్టల సంచితో అలాగే వెనక్కి వెళ్లిపోతున్నారు. మంగళ, బుధ, గురువారాల్లో పదకొండు నుంచి నాలుగు దాకా మాత్రం షాపు బోసిపోతుంది. ఎవరూ రాకపోయినా అద్దె, మెషిన్ల మీద తీసుకున్న లోన్ కిస్తీ ఆగవు కదా.

అందుకని ఈ మూడు రోజులూ పొద్దున తెరిచినప్పటి నుంచి రాత్రి మూసేదాకా ఉతకడం మీద, ఆరబెట్టడం మీద కలిపి 30 శాతం తగ్గిద్దామనుకుంటున్నాను. నా పార్ట్‌నర్ ఒప్పుకోవడం లేదు. "ఎలాగూ వచ్చేవాళ్లకే తగ్గించి ఇస్తాం, కొత్తగా ఎవరు వస్తారు?" అంటున్నాడు. మెషిన్లకు కార్డ్ రీడర్లు ఉన్నాయి, గంటను బట్టి వేరే రేటు పెట్టుకోవచ్చు. ఇలా చేసి చూసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. బోర్డు రాయించే ముందే తెలుసుకోవాలని అడుగుతున్నాను.

జవాబు 1

తప్పకుండా పెట్టండి. ఖాళీగా ఉన్న మెషిన్ వల్ల రూపాయి రాదు. అదే మెషిన్ తక్కువ రేటుకు తిరిగినా నీళ్లు, కరెంటు, గ్యాస్ పోను ఎంతో కొంత మిగులుతుంది. నేనైతే ఉతికే రేటు ముట్టుకోకుండా డ్రయ్యర్‌లో పది నిమిషాలు ఫ్రీ ఇస్తాను. ఫ్రీ అన్న మాట జనాన్ని లాగినట్టు శాతాలు లాగవు.

జవాబు 2

నేను మొదట లాండ్రీ మెషిన్లకు సర్వీసింగ్ చేసేదాన్ని. తర్వాత సొంతంగా లాండ్రీ పెట్టుకున్నాను. ఈ విషయంలో మీ పార్ట్‌నర్ భయం సరైనదే, మీ ఆలోచన కూడా సరైనదే. తేడా అంతా డిస్కౌంట్ ఏ గంటల్లో, దేని మీద పెడతారన్న దాంట్లో ఉంది. కాస్త లెక్క వేసి చూపిస్తాను, ఓపిగ్గా చదవండి.

ఒకసారి ఉతికితే ధర 100 అనుకుందాం. అందులో నీళ్లకు, వేడినీళ్లకు, కరెంటుకు 25 పోతే 75 మిగులుతుంది. అదే లోడ్ ఆరబెట్టడానికి 60 తీసుకుంటే ఖర్చు 20 పోయి 40 మిగులుతుంది. అంటే ఒక లోడ్ ఉతికి ఆరబెట్టుకుని వెళ్తే మీ చేతిలో 115. అద్దె, కిస్తీ ఇందులో కలపలేదు. లోడ్ వచ్చినా రాకపోయినా అవి ఎలాగూ కట్టాల్సినవే. మీ బిల్లులు పెట్టుకుని ఈ అంకెల బదులు మీవి వేసుకోండి, పద్ధతి మాత్రం ఇదే.

రెండింటి మీదా 30 శాతం తగ్గిస్తే ఉతికినప్పుడు 45, ఆరబెట్టినప్పుడు 22, మొత్తం 67 మిగులుతుంది. 115 కాస్తా 67 అయింది. మంగళవారం ఇప్పుడు మీకు 40 లోడ్లు వస్తున్నాయనుకుంటే, అంతే డబ్బు మిగలడానికి 69 లోడ్లు కావాలి. ధర తగ్గింది 30 శాతమే, గిరాకీ మాత్రం 70 శాతానికి పైగా పెరగాలి. తగ్గింపంతా మనకు మిగిలే దాంట్లోంచే పోతుంది, ఖర్చులోంచి పైసా కూడా తగ్గదు. మీ పార్ట్‌నర్ చెప్పేది ఇదే.

ఇప్పుడు డ్రయ్యర్ జోలికి పోకుండా ఉతకడం మీద మాత్రమే 20 తగ్గించండి. లోడ్‌కు 95 మిగులుతుంది. 40 లోడ్లు 49 అయితే చాలు. తడి బట్టలు మోసుకుని ఇంటికి వెళ్లేవాళ్లు కొద్దిమందే కాబట్టి, ఉతకడానికి వచ్చినవాళ్లలో ఎక్కువమంది డ్రయ్యర్‌కు పూర్తి ధరే ఇస్తారు. అందుకే పైన చెప్పిన ఫ్రీ డ్రయ్యర్ సలహా నాకు నచ్చలేదు. గ్యాస్‌కైనా కరెంటుకైనా డ్రయ్యర్‌దే పెద్ద ఖర్చు. పైగా ఫ్రీ నిమిషాలంటే బట్టలు ఆరిపోయాక కూడా తిప్పుతూనే ఉంటారు.

అసలు సంగతి ఇక్కడి నుంచి. రోజంతా డిస్కౌంట్ ఎందుకండీ? మీ 40 లోడ్లలో పదకొండు నుంచి నాలుగు దాకా వచ్చేవి 12 అనుకోండి. తగ్గింపు ఆ గంటలకే పెడితే పాత కస్టమర్ల మీద వదులుకునేది 12 ఇరవైలు, అంటే 240. కొత్త లోడ్ ఒక్కోటీ 95 తెస్తుంది. మూడు కొత్త లోడ్లు వస్తే ఆ లోటు పూడిపోతుంది. పొద్దునో సాయంత్రమో వచ్చే ఐదుగురు ఆ వేళకు మారినా ఇంకో 100 పోతుంది, నాలుగో లోడ్‌తో అదీ వచ్చేస్తుంది. రోజంతా పెడితే తొమ్మిది రావాలి. తొమ్మిది కొత్త లోడ్లు తేవడానికీ నాలుగు తేవడానికీ ఎంత తేడానో ఈ వ్యాపారంలో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు.

అరగంట సైకిల్, బట్టలు తీసి మళ్లీ నింపడానికి పావుగంట వేసుకున్నా, ఆ ఐదు గంటల్లో మీ పన్నెండు వాషర్లు 72 లోడ్లు ఉతకగలవు. ఉతుకుతున్నది 12. ఖాళీ అంతా అక్కడే ఉంది, తగ్గింపూ అక్కడే పెట్టండి.

ఆ రెండు పెద్ద మెషిన్లను వేరుగా చూడండి. ఇంట్లో వాషింగ్ మెషిన్ ఉన్నవాళ్లు లాండ్రీకి వచ్చేది బొంతలు, రగ్గులు, కర్టెన్లు పట్టకపోతేనే. వాళ్లు ఇప్పుడు మీ ఆదివారం కస్టమర్లు కారు. మంగళవారం మధ్యాహ్నం పెద్ద మెషిన్ తక్కువ ధరకు దొరుకుతుందని తెలిసి వస్తే అది అచ్చంగా కొత్త డబ్బు. నన్నడిగితే మొదటి బోర్డు ఆ రెండు మెషిన్ల మీదే పెట్టమంటాను. చిన్న మెషిన్ల డిస్కౌంట్ తర్వాత ఆలోచించవచ్చు.

ప్రశ్న అడిగినవారు

చాలా థాంక్స్ అండి. ఈ రాత్రే బిల్లులు ముందు పెట్టుకుని లెక్క వేస్తాను. రెండు సందేహాలున్నాయి. నా ఆదివారం జనంలో ఎక్కువమంది ఉద్యోగస్తులు. వాళ్లు పని రోజుల్లో మధ్యాహ్నం ఎలా వస్తారు? ఇంకోటి, గిరాకీ పెరిగితే అది డిస్కౌంట్ వల్లే పెరిగిందని ఎలా తెలుస్తుంది? పండగలు, జీతాల రోజులు, వానలు, అన్నీ కలిసిపోతాయి కదా.

జవాబు 2 రాసినవారు

ఉద్యోగస్తులు రారండి. ఎంత తగ్గించినా రారు, వాళ్లకు అడ్డం ధర కాదు, టైమ్. మధ్యాహ్నం రాగలిగేవాళ్లు వేరే ఉంటారు. రాత్రి షిఫ్టులు చేసేవాళ్లు, రిటైరైనవాళ్లు, చిన్న పిల్లలతో ఇంట్లో ఉండే తల్లులు, క్లాసుల మధ్య ఖాళీ దొరికే విద్యార్థులు. బోర్డు వాళ్ల కంటపడే చోట ఉండాలి. షాపు గోడ మీద మాత్రమే పెడితే ఎలాగూ వచ్చేవాళ్లే చదువుతారు, మీ పార్ట్‌నర్ భయం నిజమవుతుంది.

అయితే మీ ఆదివారం కస్టమర్లలో కూడా వారం మధ్యలో సెలవు ఉండేవాళ్లు కొందరుంటారు. అలాంటివాళ్లు ఒక్కరు మంగళవారానికి మారితే మీకు పోయేది 20. కానీ ఆదివారం ఆ మెషిన్ ఇంకొకరికి దొరుకుతుంది. వెనక్కి వెళ్లిపోయే మనిషి ఆగి ఉతుక్కుంటే 115 వస్తుంది. ఆదివారం నిజంగా జనం తిరిగి వెళ్లిపోతున్న షాపుకే ఈ లాభం. ఆదివారం కూడా సగం ఖాళీగా ఉండే చోట ఇలా మార్చడం వల్ల నష్టమే. ఇంకో మాట, ఆదివారం మీ దగ్గర జనం ఆగిపోతున్నది వాషర్ దగ్గరా, డ్రయ్యర్ దగ్గరా? ఒకసారి నిలబడి చూడండి. డ్రయ్యర్ల దగ్గరే వరస ఉంటే వాషర్ల స్పిన్ వేగం చూడాలి. నీళ్లు బాగా పిండి వదిలితే ఆరే టైమ్ తగ్గుతుంది, డిస్కౌంట్‌తో పనిలేకుండానే ఆదివారం రద్దీ కొంత తగ్గుతుంది.

ఇక రెండో ప్రశ్న. మూడు రోజులూ ఒకేసారి మొదలుపెట్టకండి. మంగళ, బుధవారాల్లో పెట్టి గురువారాన్ని పాత రేటుకే వదిలేయండి. వానైనా జీతాలైనా మూడు రోజులకూ ఇంచుమించు ఒకేలా తగులుతాయి. మంగళ, బుధలు పెరిగి గురువారం అలాగే ఉంటే ఆఫర్ పని చేసినట్టు. గురువారం పడిపోతే ఆ జనమే ఇటు జరిగారన్నమాట. కార్డ్ రీడర్ ఉంది కాబట్టి ఏ కార్డు మొదటిసారి వచ్చిందో, ఏ కార్డు రోజు మార్చుకుందో కూడా తెలుస్తుంది. మొదలుపెట్టే ముందు నెల లెక్కలు తీసి పెట్టుకోండి, అవి లేకపోతే దేనితో పోల్చాలో తెలియదు. రెండు వారాలకే తేల్చేయకండి. పది, పదిహేను రోజులకోసారి వచ్చే మనిషి ఆ లోపు ఒక్కసారే కనిపిస్తాడు, అలవాటు పడ్డాడో లేదో ఎలా తెలుస్తుంది? మూడు నెలలైనా ఆగాలి.

జవాబు 3

మంచి చర్చ. నేను రవాణా రంగంలో పని చేశాను కాబట్టి ఒక మాట. రద్దీ వేళకో ధర, ఖాళీ వేళకో ధర అనే వాదన పాతదే. ఆర్థికవేత్త విలియం విక్రీ 1952లోనే న్యూయార్క్ సబ్‌వేకు వేళను బట్టి ఛార్జీ పెట్టాలని ప్రతిపాదించాడు. ఆయనకు 1996లో నోబెల్ వచ్చింది. రైలుకైనా వాషర్‌కైనా ఒకటే సంగతి: రద్దీ గంట కోసం ఎక్కువ రైలు పెట్టెలు గానీ ఎక్కువ మెషిన్లు గానీ కొనాలి, ఆ ఖర్చు మిగతా గంటలన్నీ మోయాలి. ఆదివారం కోసం మీరు ఇంకో నాలుగు మెషిన్లు కొనాలనుకుంటుంటే, కొనే ముందు ఈ డిస్కౌంట్ ఫలితం చూడండి.

ఆదివారం రేటు పెంచడం, మంగళవారం తగ్గించడం లెక్కలో ఒకటిలా కనిపించినా జనానికి ఒకటి కాదు. పెంపు కోపం తెప్పిస్తుంది. తగ్గించింది తర్వాత ఎత్తేసినా పెంచినట్టే అనిపిస్తుంది. అందుకని ధర 100గానే ఉంచి, ఆ వేళ ఉతికితే 20 తిరిగి కార్డులో పడేలా చేయండి, అది మళ్లీ అదే వేళల్లో వాడుకోవాలి. ఆఫర్ ఏ తేదీ దాకా ఉంటుందో బోర్డు మీద మొదటి రోజే రాయండి.

జవాబు 2 రాసినవారు

కార్డులో వెనక్కి వేయడం నాకూ నచ్చింది. ఒకటి చేర్చాలి. వేళ ముగిసేది నాలుగింటికి అంటే మెషిన్ మొదలయ్యే టైమా, ఆగే టైమా అన్నది బోర్డు మీద స్పష్టంగా ఉండాలి. నాలుగు దాటి రెండు నిమిషాలకు వచ్చినవాళ్లతో గొడవ పడకుండా రీడర్‌లో పావుగంట వెసులుబాటు పెట్టేయండి. మీ కరెంటు కనెక్షన్‌కు వేళను బట్టి టారిఫ్ ఉంటే అదీ చూసుకోండి. కరెంటు ఖరీదైన గంటల్లో డిస్కౌంట్ పెడితే 25 అనుకున్న ఖర్చు 35 కూడా కావచ్చు.

డిస్కౌంట్ ఒక్కటే దారి కూడా కాదు. సెలూన్లు, జిమ్‌లు, చిన్న లాడ్జీలు వారం మధ్యలో తువ్వాళ్లు, దుప్పట్లు ఉతికించుకుంటాయి. వాళ్లకు మధ్యాహ్నం గంటలు నెలవారీ రేటుకు ఇస్తే ఆ డబ్బు ఏ వారమూ తప్పదు. మసాజ్ సెంటర్ల తువ్వాళ్లు ఒప్పుకుంటే మాత్రం జాగ్రత్త అండి. నూనె పూర్తిగా వదలని గుడ్డలు డ్రయ్యర్‌లోంచి వేడివేడిగా తీసి కుప్పగా పెడితే వాటంతట అవే అంటుకునే ప్రమాదం ఉంది. వేడినీళ్లలో, సరిపడా సబ్బుతో ఉతికించండి. డ్రయ్యర్ చివర చల్లబరిచే సైకిల్ పూర్తయ్యాకే తీయమనండి, తీసిన వెంటనే విడివిడిగా పరిపించండి. ఈ షరతులు ఒప్పందం కాగితంలోనే రాయించుకోండి.