ఎనిమిది జట్లు తూచితే ఎనిమిది జవాబులు: తప్పు త్రాసుదా, మాదా?

పల్లెబడి_సైన్సు:
ఎనిమిదో తరగతికి ద్రవ్యరాశి పాఠం చెబుతూ, బీరువాలో ఏళ్ల తరబడి పడి ఉన్న ఫిజికల్ బ్యాలెన్స్‌ను, అదే రెండు పళ్లేల త్రాసును, బయటికి తీశాను. అన్ని జట్లకూ ఒకే లోలకం గుండు ఇచ్చి తూచమన్నాను. ఒక జట్టుకు 48.2 గ్రాములు, పక్క జట్టుకు 48.9, ఇంకొకరికి 47.6. మళ్లీ తూచితే మళ్లీ మారింది. అన్నట్టు, తూనికరాళ్లకు చిలుము పట్టి ఉంటే ముందురోజు పిల్లలే చింతపండు పెట్టి తళతళలాడేలా తోమారు. నా ప్రశ్నలు మూడు. లోపం ఎక్కడ వెతకాలి? దీన్ని మూల పెట్టి డిజిటల్ త్రాసు కొనవచ్చా? జట్టుకో జవాబు వస్తే మార్కులు ఎలా వేయాలి?

పాత_ల్యాబు_మనిషి:
చింతపండా! చదివి కాసేపు మాట రాలేదు మాస్టారూ. ముప్పై ఒక్క ఏళ్లు కళాశాల ల్యాబులో పనిచేశాను. చేతి చెమట అంటుతుందని రాళ్లను పట్టకారుతోనే తీయించేవాళ్లం. వేలితో ముట్టుకున్నవాడు ఆ రోజు ప్రయోగం చేసినట్టే కాదు. మీరు ఏకంగా పులుసులో ముంచారు. చింతపండు పులుపు చిలుముతో ఆగదు, కింద ఇత్తడినీ కాస్త తింటుంది. ఇక ఆ పెట్టెలో 50 అని చెక్కి ఉన్నది 50 కాదు.

ఎనిమిది_బి_అమ్మ:
పట్టకారు అంటే గుర్తొచ్చింది. మా అమ్మాయి బడిలో రాయికి బదులు వాడే 20 మిల్లీగ్రాముల తూనిక రేకు పోయింది. గోరులో సగం కూడా ఉండదు, పట్టకారు నుంచి జారి ఎగిరిపోయిందట. నలుగురు పిల్లలు మోకాళ్ల మీద పాకి వెతికినా దొరకలేదు. రేకు ఒక్కటీ విడిగా అమ్మరని పెట్టె మొత్తం ఖరీదు మా చేత కట్టించారు. ఇదెక్కడి న్యాయం?

మూడుతరాల_కంసాలి:
అమ్మా, మా కొట్లో ఆ రేకు బరువు బంగారం పోతే నేల ఊడ్చి ఆ మట్టిని కూడా దాచుకుంటాం! మా తాతగారు గురివింద గింజలతో తూచేవారు, నాన్నగారు ఇత్తడి రాళ్లతో, నేను మిల్లీగ్రాము వరకు చూపే మిషన్‌తో. తూచేముందు మేము చేసే మొదటి పని ఫ్యాను ఆపడం. మాస్టారూ, ఆ రాళ్లను మీ ఊరి కంసాలి దగ్గరికి తీసుకెళ్లండి. రెండు నిమిషాల్లో నిజం తేలుతుంది.

ఎమ్మెస్సీ_భౌతికం:
ఇరవై ఏళ్లుగా ఇదే పాఠం చెబుతున్న ఎమ్మెస్సీని, కాబట్టి ఈ చింతపండు పంచాయితీ ఇక ఆపండి. 0.7 గ్రాముల ఇత్తడి అంటే దాదాపు కందిగింజంత ముక్క. ఒక్కసారి తోమితే అంత అరుగుతుందా? పైగా ఆ ఎనిమిది జట్లూ వాడింది అవే రాళ్లు. రాళ్లే తప్పైతే అందరికీ ఒకే తప్పు జవాబు రావాలి కదా? ఇక డిజిటల్ త్రాసు కొలిచేది భారాన్ని, ద్రవ్యరాశిని కాదు. ఆ పాఠానికి అది పనికిరాదు.

పాత_ల్యాబు_మనిషి:
ఎమ్మెస్సీ గారూ, ఇరవై ఏళ్లలో ఒక్కసారైనా మీ చేత్తో త్రాసు విప్పి బిగించారా? మా దగ్గర లెక్చరర్లు బల్ల ముందు నిలబడి "రెడీయా?" అనేవారు. రెడీ చేసింది మేము. మాస్టారూ, రాసుకోండి. ముందు కింది మరలు తిప్పి లంబసూత్రం, అదే దారానికి వేలాడే గుండు, దాని మొన కింది మొన మీద నిలిచేలా చూడండి. తర్వాత ఖాళీ పళ్లేలతో పిడి తిప్పి దండెను లేపండి. ముల్లు సున్నాకు అటూ ఇటూ సమానంగా ఊగాలి. లేకుంటే దండె చివరి మరలు సవరించాలి. రాయి పెట్టినా తీసినా పిడి దించి ఉండాల్సిందే. దండె లేచి ఉండగా రాయి వేస్తే, దండె ఆని ఊగే అకీకు రాతి కత్తి అంచు చెక్కుకుపోతుంది. అది పోతే త్రాసు పోయినట్టే.

మూడుతరాల_కంసాలి:
డిజిటల్ పనికిరాదా? ఊరందరి బంగారం దాని మీదే తూచుతున్నాను సార్. నా మిషన్ అబద్ధం చెబుతుందా?

ఎమ్మెస్సీ_భౌతికం:
చోటు మారిస్తే చెబుతుంది. ఢిల్లీ కంటే హైదరాబాద్‌లో గురుత్వం సుమారు 0.08 శాతం తక్కువ. అక్కడ సరిచేసిన మిషన్‌ను తెచ్చి అలాగే వాడితే 100 గ్రాములను 99.92 అంటుంది. రెండు పళ్లేల త్రాసుకు ఆ బెడద లేదు. గురుత్వం రెండు వైపులా ఒకటే.

మూడుతరాల_కంసాలి:
అందుకే మిషన్‌తో పాటు 200 గ్రాముల రాయి ఇస్తారు. ఎక్కడ పెడితే అక్కడ దానితోనే సరిచేసుకుంటాం. అంటే చివరికి నాదీ రాయితో పోల్చడమే. పుస్తకం చదివినవారికి ఇది తట్టలేదా?

డల్లాస్_నాన్న:
ఇక్కడ మా అబ్బాయి బడిలో మూడు కమ్ముల త్రాసు వాడతారు. కమ్మి మీద గుర్రాన్ని, అంటే దానికే తగిలించి ఉన్న బరువును, జరపడమే, 610 గ్రాముల దాకా తూచవచ్చు. పోవడానికి విడి రాళ్లే లేవు. మన దగ్గర ఎందుకు తేరో!

ఎనిమిది_బి_అమ్మ:
తెచ్చినా బీరువాలోనే పెడతారు లెండి. పెట్టె డబ్బులు ఎవరిస్తారో ఒక్కరూ చెప్పలేదు.

రాత్రి_చదువరి:
తోమడం అంత పాపమా? ప్యారిస్ దగ్గర సెవ్ర్‌లో ఉన్న అసలు కిలోగ్రామునే కడిగేవారు. 1889 నుంచి లోకానికంతటికీ పడికట్టు అయిన ప్లాటినం-ఇరిడియం దిమ్మ అది. ఈథర్, ఇథనాల్‌లో తడిపిన మెత్తని తోలుతో రుద్ది, ఆవిరి పట్టేవారు. అయినా వందేళ్లలో దానికీ దాని నకళ్లకూ మధ్య సుమారు 50 మైక్రోగ్రాముల తేడా వచ్చింది. మన 57వ నంబరు నకలు ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో ఉంది. 2019 మే 20 నుంచి కిలోగ్రాముకు దిమ్మే అక్కర్లేదు, ప్లాంక్ స్థిరాంకం అనే ఎన్నడూ మారని భౌతికశాస్త్ర విలువతో నిర్వచించారు.

పాత_ల్యాబు_మనిషి:
ఆవిరి వేరు, పులుసు వేరు.

వీశెల_తాతయ్య:
మా రోజుల్లో గ్రాములు ఎక్కడివి నాయనా! వీశెలు, సేర్లు, తులాలు. తులం అంటే 11.66 గ్రాములు. ఇప్పటి కొట్లలో తులం అని చెప్పి 10 గ్రాములు చేతిలో పెడుతున్నారు.

మూడుతరాల_కంసాలి:
పెట్టేది పది, డబ్బు తీసుకునేదీ పదికే తాతగారూ. బిల్లు మీద గ్రాములే ఉంటాయి.

వీశెల_తాతయ్య:
సరేలే. మాస్టారూ, మీ త్రాసుకు పాసంగం ఉందేమో చూశారా? ఖాళీగా సమంగా నిలిచినా దండె ఒక చేయి రవ్వంత పొడవుంటే ఒకవైపు మోసం చేస్తుంది. గుండును ఎడమ పళ్లెంలో ఒకసారి, కుడి పళ్లెంలో ఒకసారి తూచండి. రెండు అంకెలనూ గుణించి వర్గమూలం తీస్తే అసలు తూకం వస్తుంది. మా నాన్నగారు చింతపండు బస్తాల వ్యాపారి, ఇలాగే పట్టుకునేవారు.

ఎమ్మెస్సీ_భౌతికం:
మళ్లీ చింతపండు.

పల్లెబడి_సైన్సు:
అందరికీ నమస్కారం. రెండు పనులు చేశాను. మొదటిది, ఫ్యాను ఆపాను. త్రాసు పెట్టెకు ముందు అద్దం ఏనాడో పగిలింది, ఫ్యాను సరిగ్గా దాని నెత్తినే ఉంది. లంబసూత్రం చూస్తే మొన మీద మొన లేదు, దారం తెగితే ఎవరో సూదిదారం కట్టారు. సరిచేసి, ప్రతి జట్టూ ముందు సున్నా చూసుకున్నాకే తూచాలన్నాను. ఇప్పుడు ఎనిమిది జట్లకూ 48.3 నుంచి 48.5 లోపలే వచ్చింది. ఒక పిల్లవాడు ఊపిరి బిగబట్టి ముల్లు చూశాడు, వాణ్ణి చూసి నాకు నవ్వు ఆగలేదు. రెండోది, కంసాలి దగ్గరికి రాళ్లు పట్టుకెళ్లాను. 50 గ్రాములది 49.94 ఉంది.

పాత_ల్యాబు_మనిషి:
చెప్పానా!

ఎమ్మెస్సీ_భౌతికం:
పోయింది 0.06. చెప్పానా!

రాత్రి_చదువరి:
తోమకముందు తూచి ఉంటే కదా పోయిందనడానికి. చిలుముతో 50 దాటి ఉండేదేమో, కొన్ననాడే 49.95 ఉందేమో.

పల్లెబడి_సైన్సు:
అదీ నిజమే. మరి మార్కుల సంగతి? 48.9 వేసిన జట్టు ఆ రోజు చూసింది చూసినట్టే రాసింది. వెనక బెంచీ జట్టు పక్కవారిది చూసి 48.2 వేసింది.

ఇంటి_సొగసు:
నమస్తే. ఆ పాత ఇత్తడి త్రాసు అమ్ముతారా? మా హాల్లో అలమర మీద పెట్టుకోవాలని ఉంది. చింతపండుతో తోమినదైతే మరీ మంచిది.